గ్లూ లేకుండా బాణానికి ఈకలు నిలుస్తాయా?

ఆ బాణం ఇప్పటికీ నా డెస్క్ మీద, మానిటర్ వెనకాల ఉంది. దానికి మూడు ఈకలుండాలి. రెండే ఉన్నాయి.

నేనుండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన నోవైలో. కార్లలో నడిచే సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. ఈ రాష్ట్రంలో జింకల్ని కార్లు గుద్దే ప్రమాదాలు ఏటా 50 వేలకు పైనే. అందుకే మా ఆఫీసులో జింక అంటే ఒక బగ్ రిపోర్ట్. మా టీమ్‌లో రిటైర్‌మెంట్‌కి దగ్గర పడ్డ పెద్దాయనకి మాత్రం అది చలికాలం తిండి. ఆయనే నాకు విల్లు పట్టించాడు. రాష్ట్రం పెట్టిన హంటర్ సేఫ్టీ కోర్సు పాసయ్యి, లైసెన్స్ తీసుకుని, రెండేళ్ల కిందట అక్టోబర్ 1న విలువేట సీజన్ మొదలవగానే ఆయన బావమరిది పొలంలో చెట్టెక్కి కూర్చున్నా. (మన దగ్గర 1972 చట్టం ప్రకారం అడవి జంతువుల వేట నేరం. ఇది చదివి ఎవరూ నల్లమల బయల్దేరకండి.)

రెండో శనివారం సాయంత్రం 22 గజాల దూరంలో ఒక ఆడ జింక పక్కకి తిరిగి నిలబడింది. వేశా. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మన భోజనం ప్లేటంత ఉంటుంది. నా బాణం దానికి జానెడు వెనక తగిలింది. జింక నడుం వంచి, పరిగెత్తకుండా, మెల్లగా నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ నడక చూసినవాళ్లకి అర్థమవుతుంది, కడుపులో తగిలిందని.

పెద్దాయనకి ఫోన్ చేశా. "కిందకి దిగి వెతకొద్దు. ఇప్పుడు వెంటపడితే పడుకున్నది కూడా లేచి మైళ్లు పోతుంది. పొద్దున వెళ్దాం" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున బాణం దొరికింది, భూమిలో గుచ్చుకుని, పచ్చటి వాసనతో. రెండొందల అడుగుల దాకా అక్కడక్కడా రక్తం చుక్కలు కనపడ్డాయి. తర్వాత చిత్తడి నేల, అక్కడితో ఆనవాళ్లు పోయాయి. మధ్యాహ్నం దాకా వెతికాం. దొరకలేదు.

అమ్మకి ఈ విషయం ఇప్పటికీ చెప్పలేదు.

ఇంటికొచ్చాక బాణాన్ని డీబగ్ చేయడం మొదలెట్టా. వేరే ఏడుపు రాలేదు, అదే వచ్చింది. మూడో ఈక ఎక్కడ ఊడింది? వదిలే ముందా, జింకలోంచి దూసుకెళ్లేటప్పుడా? దానికి లాగ్ ఫైల్ లేదు. కానీ మిగిలిన రెండింట్లో ఒకదాన్ని గోటితో గీకితే సులువుగా లేచింది. చూస్తే గ్లూ మొత్తం ఈకకే ఉంది. బాణం పుల్ల మాత్రం నున్నగా అద్దంలా ఉంది. అంటే గ్లూ తప్పు కాదు, పుల్లని అది అసలు పట్టుకోనేలేదు. ఆ ఆదివారం తలకి కొబ్బరినూనె పెట్టుకుని, స్నానానికి ముందు టైముంది కదా అని ఈకలంటించడానికి కూర్చున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చేతులు తుడుచుకున్నా. కడుక్కోలేదు.

ఈకలంత చిన్నవాటికి ఇంత కథేంటి అనుకోకండి. విల్లు వదిలినప్పుడు బాణం తిన్నగా వెళ్లదు, పాములా వంగుతూ బయల్దేరుతుంది. వెనక ఉన్న ఈకలు గాలిని పట్టుకుని తోకని వెనక్కి లాగుతాయి, అప్పుడు ముక్కు తిన్నబడుతుంది. కాస్త మెలితిప్పి అంటిస్తే బాణం గిర్రున తిరుగుతుంది కూడా. ప్రాక్టీసులో వాడే మొన గుండ్రంగా ఉంటుంది కాబట్టి చిన్న తప్పు కప్పడిపోతుంది. వేటకి వాడే బ్రాడ్‌హెడ్ అలా కాదు. మిషిగన్‌లో దాని వెడల్పు కనీసం 7/8 అంగుళం ఉండాలి. ఆ బ్లేడ్లు ముందు భాగంలో రెక్కల్లా పనిచేస్తాయి. వెనక ఈకలు బలహీనపడితే స్టీరింగ్ ముందు రెక్కల చేతికి పోతుంది.

కావాలనే ఒక ఈక పీకేసి 20 గజాల నుంచి వేసి చూశా. గుండ్రటి మొనతో అంగుళం తేడా. బ్రాడ్‌హెడ్‌తో నాలుగైదు అంగుళాలు, అదీ ప్రతిసారీ ఒకే వైపు కాదు. ఆ సాయంత్రం ఈకే ఊడిందా, నా చెయ్యే వణికిందా అన్నది ఇది తేల్చదు. అయినా ఇక గ్లూ సీసా ముట్టబుద్ధి కాలేదు. అలా మొదలైంది గ్లూ లేని ఈకల వేట. నిరుడు వేసవంతా అదే పని.

మొదటిది హీట్ ష్రింక్ తొడుగు. కరెంటు వైర్లకి వేడిచేస్తే బిగుసుకునే ట్యూబ్ చూసే ఉంటారు, అచ్చం అదే. మూడు ప్లాస్టిక్ ఈకలు ముందే దానికి అతికి వస్తాయి. బాణం వెనక తొడిగి, మరిగే నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి తీస్తే పుల్లని పట్టేసుకుంటుంది. వీడియో కాల్‌లో ఉండగా అమ్మ చూసేసింది. "ఏంట్రా అది, టీ గిన్నెలో బాణాలు ఉడకబెడుతున్నావ్?" అంది. నాన్న వెనక నుంచి "రామాయణం సీరియల్‌లో ఇది చూపించలేదే" అన్నాడు. ఒకటి రెండు సెకన్లు ఎక్కువ ఉంచితే ఈకల అంచులు అప్పడంలా వంకర్లు పోతాయి. రెండు అలా పాడుచేశాకే చెయ్యి కుదిరింది.

దీంట్లో చిక్కు బరువు. గ్లూతో అంటించిన మూడు చిన్న ప్లాస్టిక్ ఈకలు కలిపి 18 గ్రెయిన్లు తూగాయి, అంటే గ్రాముకి కాస్త ఎక్కువ. తొడుగు దాదాపు దానికి రెట్టింపు. బాణం మొత్తం బరువు 26 గ్రాములు మాత్రమే కాబట్టి తోక వైపు ఒక గ్రాము పెరిగినా బ్యాలెన్స్ వెనక్కి జరుగుతుంది. సన్నటి పుల్లలకి ఇది వదులైపోతుంది, నావి మామూలు మందం కాబట్టి సరిపోయింది.

రెండోది నాకు బాగా నచ్చిన ఐడియా. ఈకలే లేవు. వాటి బదులు చిన్న గాజులాంటి ప్లాస్టిక్ రింగు. నారి పట్టే నాక్‌కీ పుల్లకీ మధ్య ఇరికించాలి, అంతే. గాలి రింగులోంచి దూసుకెళ్తూ తోకని తిన్నగా ఉంచుతుంది. బాణం లక్ష్యంలోకి దూరగానే రింగు ఊడి బయటే పడిపోతుంది, బాణం ఎక్కడ తగిలిందో దానివల్ల తెలుస్తుంది. వింటుంటేనే ముద్దొచ్చే డిజైన్. కానీ నా విల్లు మీద బాణం కూర్చునేది చుట్టూ బ్రష్ కుచ్చులున్న రెస్ట్‌లో. ఆ కుచ్చుల మధ్య నుంచి రింగు పోదు. బాణం వదలగానే కిందకి వాలిపోయే రెస్ట్ కావాలి. పెద్దాయన విల్లు అడిగి తెచ్చుకుని వేశా. 30 గజాల్లో చక్కగా వెళ్లింది, ఒట్టు. తర్వాత ప్రతి బాణానికీ గడ్డిలో పాకుతూ రింగు వెతుక్కోవాలి. అయిదో సాయంత్రానికి మూడు పోయాయి, ఒకటి విరిగింది. అంబులపొదిలో పక్కపక్కన పెడితే రింగులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి కూడా. అద్భుతమైన డెమో, ప్రొడక్షన్‌కి పనికిరాదు. నా వరకూ అంతే.

రబ్బరు చెప్పులా మెత్తగా ఉండి, పుల్ల మీదకి జారించే ఒకే ముక్క ఈకలూ వస్తాయి. వేశా, ఎగిరేటప్పుడు బుర్రుమని చప్పుడు. పక్కన పెట్టేశా.

టేపు సంగతి వేరు. రెండు వైపులా అంటుకునే సన్నటి టేపుతో టర్కీ కోడి ఈకలు అంటించి, ముందూ వెనకా దారం చుట్టా. దారం ఐడియా నాది కాదు. 1545లో మునిగిపోయిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్‌ని 1982లో పైకి తీశారు. అందులో దొరికిన బాణాలకి ఈకలు ఊడకుండా సన్నటి దారం చుట్టిన ఆనవాళ్లున్నాయి. ఇక టేపు అంటే చవక పని అనుకోకండి. మన విజయవాడ కుర్రాడు ధీరజ్ బొమ్మదేవర ఒలింపిక్స్‌లో ఆడే రికర్వ్ విభాగంలో, పేపరంత పల్చటి చుట్టల్లాంటి ఈకల్ని టేపుతోనే అంటిస్తారు. వాళ్లు వేసేది 70 మీటర్ల నుంచి.

అసలు ఈకలతో ఒక తమాషా ఉంది. ఎడమ రెక్క ఈకలూ కుడి రెక్క ఈకలూ ఒకే బాణానికి కలపకూడదు, వాటి సహజమైన వంపు ఎదురెదురుగా ఉంటుంది. అది తెలియక మొదటి బాణం రెండు రకాలూ కలిపి చేశా, అది ఎగిరిన తీరు చూసి పెద్దాయన కుర్చీలోంచి లేవలేనంతగా నవ్వాడు. ఈకలు తేలిక, దేనికైనా తగిలినా ముడుచుకుపోయి బాణాన్ని పక్కకి తోయవు. వానలో మాత్రం తడిసిన కోడిపిల్లలా అణిగిపోతాయి. నా రెస్ట్ కుచ్చులకి నాలుగు రోజుల్లో అరిగిపోయాయి.

అన్నింటికీ ఒకటే పరీక్ష పెట్టా. రాత్రంతా ఫ్రీజర్‌లో (రూమ్మేట్ ఐస్‌క్రీమ్ డబ్బా పక్కన), ఒక గంట బకెట్ నీళ్లలో, ఆ తర్వాత ఫోమ్ టార్గెట్ మీద బ్రాడ్‌హెడ్‌తో ఇరవై సార్లు. టేపు కట్టినవాటిలో దారం లేని బాణానికి ఒక ఈక కొస లేచింది. దారం చుట్టినది నిలిచింది. తొడుగు కదల్లేదు. ఆఖర్లో, ఎంత వద్దనుకున్నా, పుల్లని స్పిరిట్‌తో తుడిచి, చేతికి గ్లోవ్ వేసుకుని, పాత గ్లూతోనే ఒక బాణం చేశా. అదీ కదల్లేదు. దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నా. గ్లూ ముందు నుంచీ బాగానే ఉంది.

అయినా సీజన్‌కి తొడుగే ఎంచుకున్నా. బలం విషయంలో రెండూ ఒకటే. కాకపోతే చీకట్లో, చలికి మొద్దుబారిన వేళ్లతో కూడా తొడుగు అంచు తడిమి అది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవచ్చు. గ్లూ పట్టిందో లేదో అలా తెలీదు. ముక్కు వైపు పాతిక గ్రెయిన్ల బరువు కలిపితే బ్యాలెన్స్ కుదిరింది. 25 గజాలు దాటితే వేయకూడదని హద్దు పెట్టుకున్నా.

నిరుడు అక్టోబర్ మూడో వారం దాకా ఏదీ హద్దులోకి రాలేదు. 40 గజాల్లో రెండుసార్లు వచ్చాయి, విల్లు ఎత్తలేదు. ఆ ఆదివారం పొద్దు వాలుతుండగా ఒక ఆడ జింక మొక్కజొన్న కోసిన చేలోంచి వచ్చి 18 గజాల్లో ఆగింది. వేశా. నాలుగు దూకులు దూకి, తడబడి, నాకు కనపడేంత దూరంలోనే పడిపోయింది. మళ్లీ కదల్లేదు.

అరగంట ఆగి దిగా. చేతులు వణుకుతూనే ఉన్నాయి. పెద్దాయన టార్చి వేసుకుని చేలోంచి వస్తున్నాడు, "ఎక్కడ పడింది?" అని అరుస్తున్నాడు. నేను జింక దగ్గరికి వెళ్లలేదు. ముందు బాణం ఉన్న చోటికి వెళ్లి, మట్టిలోంచి పీకి, ఫోన్ వెలుతురులో ఈకలు లెక్కపెట్టా. మూడూ ఉన్నాయి.