పాయింట్లు ఒకరివి, సీట్లు ఇంకొకరివి

ఏళ్ల తరబడి కూడబెట్టిన విమాన పాయింట్లను తీరా వాడుకుందామని చూస్తే కావలసిన తేదీకి సీటుండదు. డబ్బు కడతామంటే అదే విమానంలో సీటు దొరుకుతుంది. సంస్థ దురాశే దీనికి కారణమని చాలామంది అనుకుంటారు. అది కొంత నిజమే. కానీ అంతకంటే పెద్ద కారణం, సంస్థ లోపల ఎవరి చేతిలో ఏముందన్నది.

పాయింట్లు అమ్మేది ఒక శాఖ. దానికి ఎక్కువ రాబడి బ్యాంకుల నుంచే వస్తుంది. మనం క్రెడిట్ కార్డు గీకినప్పుడల్లా బ్యాంకు ఆ శాఖ దగ్గర పాయింట్లు కొని మన ఖాతాలో వేస్తుంది. సీట్లేమో రెవెన్యూ మేనేజ్‌మెంట్ వాళ్ల చేతిలో ఉంటాయి. ఏ విమానంలో ఎన్ని సీట్లు ఏ ధరకు వదలాలో తేల్చేది వాళ్లు, వాళ్ల పనిని కొలిచేది టికెట్ల రాబడితో. పాయింట్ల మీద ఇచ్చిన సీటుకు మొదటి శాఖ లోపలి లెక్కల్లో వీళ్లకు కొంత జమ చేస్తుంది. ఆ జమ తక్కువైతే, అమ్ముడుపోదని తేలిన సీటు తప్ప మంచి సీటు వదలడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఇక ఆర్థిక శాఖకు వాడని పాయింట్లన్నీ ఖాతా పుస్తకాల్లో బాకీలే.

ఈ లాగులాట సాధారణంగా బయటికి రాదు. కెనడాలో మాత్రం వీధిన పడింది.

ఎయిర్ కెనడా 1984లో ‘ఏరోప్లాన్’ అనే పాయింట్ల పథకం మొదలుపెట్టింది. 2003లో సంస్థ అప్పుల్లో మునిగి కోర్టు రక్షణ కోరింది. అందులోంచి తేరుకున్నాక, 2005లో ఎయిర్ కెనడా మాతృసంస్థ ఏరోప్లాన్‌ను విడదీసి స్టాక్ మార్కెట్‌లో పెట్టింది, 2008 నాటికి వాటా మొత్తం అమ్ముకుంది. ఆ కంపెనీయే తర్వాత ‘ఎయిమియా’ అయింది. (మన జెట్ ఎయిర్‌వేస్ కూడా 2014లో తన పాయింట్ల కంపెనీలో సగానికి పైగా వాటాను ఎతిహాద్‌కు అమ్మింది. 2019 ఏప్రిల్‌లో జెట్ విమానాలు ఆగిపోయినా పాయింట్ల కంపెనీ మిగిలి, పేరు మార్చుకుంది.)

అంతకుముందు రెండు శాఖల మధ్య ఉన్న పేచీ ఇప్పుడు రెండు కంపెనీల మధ్య కాంట్రాక్టు అయింది. వాటాదారులకు లాభం చూపించాల్సిన ఏరోప్లాన్, ఏడేళ్లు దాటిన పాయింట్లు చెల్లవని 2006లో ప్రకటించింది. ఆ నిబంధన ఎత్తేయడానికి మళ్లీ ఏళ్లు పట్టింది. అటు ఎయిర్ కెనడా, పాయింట్లతో తీసుకున్న టికెట్ మీద కూడా ఇంధన సర్‌ఛార్జిని నగదుగా వసూలు చేసింది. హైదరాబాద్‌లో ఉన్న అమ్మానాన్నల్ని చూసిపోదామనుకున్న టొరంటో తెలుగు కుటుంబానికి ‘ఉచిత’ టికెట్ మీద మనిషికి వందల డాలర్లు పడేవి. డబ్బు విమాన సంస్థకు, తిట్లు ఏరోప్లాన్‌కు. ఇది నాకు అన్నిటికంటే అన్యాయంగా తోస్తుంది, ఎందుకంటే ప్రయాణికుడు ఎవరిని నిలదీయాలో కూడా తెలియకుండా పోయింది. తరచూ తిరిగే ముఖ్యమైన ప్రయాణికుల హోదా పథకాన్ని మాత్రం ఎయిర్ కెనడా ‘ఆల్టిట్యూడ్’ పేరుతో తన దగ్గరే ఉంచుకుంది.

2017 మే నెలలో ఎయిర్ కెనడా తెగేసి చెప్పింది: కాంట్రాక్టు ముగిసే 2020లో సొంత పథకం తెస్తామని. ఎయిమియా షేరు ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది. సీట్లు లేని పాయింట్లకు విలువేమిటో మార్కెట్ ఆ రోజే తేల్చేసింది. చివరికి టీడీ, సీఐబీసీ బ్యాంకులు, వీసాతో కలిసి ఎయిర్ కెనడాయే ఏరోప్లాన్‌ను 45 కోట్ల కెనడా డాలర్లకు తిరిగి కొనుక్కుంది. 2019 జనవరిలో బేరం ముగిసింది. దాంతోపాటు సుమారు 190 కోట్ల డాలర్ల పాయింట్ల బాకీ కూడా నెత్తికెత్తుకుంది.

పాయింట్లూ సీట్లూ ఒకే గూటికి చేరాక 2020 నవంబరులో కొత్త ఏరోప్లాన్ వచ్చింది. సర్‌ఛార్జీలు ఎత్తేశారు. అమ్మకానికి ఉన్న ఏ సీటైనా పాయింట్లతో తీసుకోవచ్చన్నారు. నా దృష్టిలో ఇవి నిజమైన మేలు. అయితే సొంత విమానాల్లో సీటుకు ఎన్ని పాయింట్లన్నది టికెట్ గిరాకీని బట్టి మారేలా చేశారు. స్థిరమైన పట్టిక అప్పట్లో భాగస్వామ్య సంస్థల విమానాలకే మిగిలింది. దసరాకో క్రిస్మస్‌కో ఇంటికి రావాలనుకునేవాళ్లకు ఆ రోజుల్లో ఎన్ని పాయింట్లు పడతాయో చెప్పేది ఇప్పటికీ సీట్ల ధర తేల్చే లెక్కలే.