బోను కాదు... బంటిగాడి బెడ్రూమ్!

మా బంటిగాడు ఇంటికొచ్చేసరికి వాడికి రెండు నెలలు. ల్యాబ్రడార్ కదా, ఏడాదిలో ఎలాగూ ఏనుగైపోతాడని 42 అంగుళాల క్రేట్ ఆర్డర్ పెట్టేశా. ఎదిగే పిల్లాడే కదా అని స్కూల్ యూనిఫాం రెండు సైజులు పెద్దది కుట్టించడం మన ఇళ్లలో ఉన్నదే! వారం తిరక్కుండానే తప్పు తెలిసొచ్చింది. ఒక మూల హాయిగా నిద్రపోయేవాడు, ఇంకో మూల పని కానిచ్చేవాడు. "నోరులేని జీవాన్ని బోనులో పెట్టింది చాలక ఈ కంపు కూడానా?" అంటూ అమ్మ దండకం మొదలు.

కుక్కలు మామూలుగా తాము పడుకునే చోటు పాడుచేసుకోవు. క్రేట్ అలవాటు చేయడమంతా ఈ గుణం మీదే నడుస్తుంది. చోటు మరీ ఎక్కువైతే ఆ గుణం పనిచేయదు. అలాగని పిల్ల పెరిగినప్పుడల్లా కొత్తది కొనక్కర్లేదు. పెద్దయ్యాక సరిపోయేదే తీసుకోండి, కాకపోతే లోపల అడ్డంగా పెట్టే డివైడర్ ఉందో లేదో చూడండి. పెరిగేకొద్దీ దాన్ని వెనక్కి జరుపుకోవడమే. నేను చూసుకోలేదు, అట్టపెట్టె అడ్డుపెట్టా. రెండు రోజుల్లో నమిలి పారేశాడు!

పెద్ద కుక్కకైతే జాతి పేరు చూసి కొనేయకండి. టైలర్ టేపు తీయండి. ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి రెండు నుంచి నాలుగు అంగుళాలు కలిపితే పొడవు. నిలబడినప్పుడు నేల నుంచి తల పైదాకా (చెవులు నిక్కబొడుచుకునే రకమైతే చెవి కొసల దాకా) కొలిచి అంతే కలిపితే ఎత్తు. లోపల తల వంచకుండా నిలబడాలి, ఇబ్బంది లేకుండా వెనక్కి తిరగాలి, కాళ్లు చాపుకుని పడుకోవాలి.

ఇక ప్లాస్టిక్‌దా, గుడ్డదా, తీగలదా? ఫొటోల్లో గుడ్డవే ముద్దొస్తాయి, కానీ నమిలే పిల్లకి అవి ఒక పూట పని. మన మే నెల ఎండలకి నా ఓటు తీగల క్రేట్‌కే. కుక్కలకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చే వేడి తగ్గించుకుంటాయి. గాలి ఆడకపోతే ప్రాణం మీదికొస్తుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కువాటికి మరీనూ. ఏ క్రేటైనా ఎండపడే బాల్కనీలో మాత్రం వద్దు. లోపలికి పంపేముందు మెడపట్టీ తీసేయండి, తీగలకి తగులుకుంటే ఉరి బిగుసుకుంటుంది.

అమెరికా వెళ్తూ కుక్కనీ తీసుకెళ్లేవాళ్లకి లెక్క వేరు. విమానానికి ఐయాటా కొలతలుంటాయి. వాటి ప్రకారం క్రేట్ వెడల్పు కుక్క భుజాల వెడల్పుకి రెట్టింపు ఉండాలి. చప్పిడి ముక్కువాటికైతే మొత్తం సైజు ఇంకో 10 శాతం పెద్దది కావాలి. టికెట్ బుక్ చేసే ముందే విమాన సంస్థని అడగండి.

మొన్న దీపావళికి మొదటి టపాసు పేలగానే బంటిగాడు ఎవరూ చెప్పకుండానే క్రేట్‌లో దూరాడు. అమ్మే తన పాత నూలుచీర తెచ్చి పైన కప్పింది. "తలుపు వేయకురా, వాడి గది వాడిష్టం" అంది.