ఫైలు వ్రాసే ఉపకరణాల వివరణ (కృత్రిమ మేధ)

ఫైలు వ్రాసే ఉపకరణాల వివరణ అనగా ఫైళ్ళను సృష్టించడానికి, మార్చడానికి, తరలించడానికి కృత్రిమ మేధ ఏజెంటుకు ఇచ్చిన ఉపకరణాలు ఏమి చేస్తాయో, ఏమి చేయవో ఆ ఏజెంటుకు తెలియజేసే పాఠ్యం. వీడియో గేముల నిర్మాణంలో దీనికి ప్రాముఖ్యత ఎక్కువ. గేములోని స్క్రిప్టులు, దృశ్యాలు, బొమ్మలు, శబ్దాలు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. కనుక ఒక ఫైలు చెడితే దానితో ముడిపడిన మిగిలినవి కూడా పనిచేయకుండా పోవచ్చును.

నేపథ్యం

భాషా నమూనా స్వయంగా డిస్కుపై ఏమీ వ్రాయలేదు. అది ఉపకరణం పేరును, దానికి కావలసిన విలువలను పాఠ్యరూపంలో వెలువరిస్తుంది. వాటిని అందుకొని ఫైలును నిజంగా వ్రాసేది వేరొక ప్రోగ్రాము. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఎం.సి.పి.) ఇందుకు ఒక ఉమ్మడి పద్ధతిని ఏర్పరచింది. దీని ప్రకారం ప్రతి ఉపకరణానికీ ఒక పేరు, ఒక వివరణ, అది తీసుకొనే విలువల పట్టిక ఉంటాయి. ఉపకరణం లోపలి కోడ్ సాధారణంగా ఏజెంటుకు కనబడదు కనుక ఈ వివరణే దానికి ఆధారం. వివరణలో చెప్పని విషయాన్ని ఏజెంటు తరచుగా ఊహించుకొని ముందుకు పోతుంది.

"వ్రాయు" అనే మాటలోని సందిగ్ధత

ఫైలును వ్రాయడం అంటే కొత్త ఫైలును సృష్టించడం, పాతదానిని చెరిపి తిరిగి వ్రాయడం, చివర చేర్చడం, మధ్యలో కొంత భాగాన్ని మార్చడం అనే నాలుగు అర్థాలు కలవు. గోడో ఇంజన్లో "రైట్" విధానంలో తెరిచిన ఫైలు లేకపోతే సృష్టించబడుతుంది, ఉంటే అందులోని పాఠ్యమంతా తుడిచివేయబడుతుంది. "రీడ్ రైట్" విధానం పాత పాఠ్యాన్ని అలాగే ఉంచుతుంది, కానీ లేని ఫైలును సృష్టించదు.

ఉదాహరణకు, ఆటగాడి పాత్రకు సంబంధించిన 400 వరుసల స్క్రిప్టులో దూకడం అనే చర్యను చేర్చమని ఏజెంటును అడిగారనుకొందాం. ఉపకరణం చివర చేరుస్తుందని తలచి అది 20 వరుసల కొత్త భాగాన్ని మాత్రమే పంపితే, పూర్తిగా తిరిగి వ్రాసే ఉపకరణం ఆ 20 వరుసలనే మిగుల్చుతుంది. పైగా "పని పూర్తయినది" అని జవాబిస్తుంది. గిట్ వంటి వ్యవస్థలో పాత ప్రతి భద్రపరచి ఉండకపోతే ఆ శ్రమ తిరిగి రాకపోవచ్చు.

ఎం.సి.పి. నమూనా ఫైలు సర్వరులో పూర్తిగా వ్రాసే ఉపకరణాన్ని, కొంత భాగాన్ని సవరించే ఉపకరణాన్ని వేరుచేశారు. మొదటిది హెచ్చరిక లేకుండా పాత ఫైలును చెరిపివేస్తుందని దాని వివరణలోనే ఉన్నది. రెండవదానిలో ఫైలును మార్చకుండా, రాబోయే మార్పును ముందుగా చూసే వీలున్నది.

వివరణలో ఉండవలసిన అంశాలు

* ఫైలు ముందే ఉంటే ఏమి జరుగును, దారిలోని ఫోల్డరు లేకపోతే దానిని సృష్టించునా లేదా.
* పంపవలసినది పూర్తి పాఠ్యమా, మారిన భాగమా.
* దారిని ఎక్కడి నుండి లెక్కించవలెను, ప్రాజెక్టు ఫోల్డరు దాటి వ్రాయవచ్చునా.
* అక్షర సంకేత పద్ధతి (సాధారణంగా యూటీఎఫ్-8), వరుస ముగింపులు, ట్యాబులు. జీడీస్క్రిప్టులో వరుస ముందు వదిలే ఖాళీకి అర్థం ఉన్నందున ఇది ముఖ్యం.
* విజయం, వైఫల్యం ఎలా తెలుపబడును. "దోషం" అని ఊరుకొనక కారణాన్ని, తరువాత చేయదగిన పనిని తెలుపవలెను.

"ఫైలును వ్రాస్తుంది" అనే వివరణ చాలదు. "ఇచ్చిన దారిలో ఫైలును సృష్టిస్తుంది, ముందే ఉంటే పాత పాఠ్యమంతా పోతుంది, చిన్న మార్పులకు సవరణ ఉపకరణాన్ని వాడవలెను" అనే వివరణ ఉపయోగకరం.

ఇంజన్లను బట్టి భేదాలు

గోడోలో "రెస్://" ప్రాజెక్టు ఫోల్డరును, "యూజర్://" ఆటగాని సమాచారం దాచే చోటును సూచిస్తాయి. తయారీ సమయంలో ఏజెంటు మొదటిదానిలో వ్రాయవచ్చు. కానీ ఎగుమతి చేసిన గేము అక్కడ వ్రాయలేదు కనుక ఆట పురోగతిని దాచే కోడ్ రెండవదానినే వాడవలెను. ఈ రెంటినీ వివరణలో విడదీసి చెప్పకపోతే తయారీలో చక్కగా నడిచిన గేము ఆటగాని వద్ద విఫలం కావచ్చును.

యూనిటీలో ప్రతి అసెట్‌కూ ఒక మెటా ఫైలు, అందులో ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంటాయి. మెటా ఫైలును వదలి అసెట్‌ను మాత్రమే తరలిస్తే ఇంజన్ కొత్త సంఖ్యను ఇస్తుంది, పాత సంబంధాలు తెగిపోతాయి. అన్‌రియల్ ఇంజన్లోని యూఅసెట్ ఫైళ్ళు బైనరీ రూపంలో ఉన్నందున వాటిని పాఠ్య ఉపకరణాలతో మార్చరాదని వివరణలో స్పష్టం చేయవలెను.

పరిమితులు

వివరణ రక్షణకు ప్రత్యామ్నాయం కాదు. 2025 మార్చి ఎం.సి.పి. ప్రమాణంలో ఉపకరణం వినాశకరమా కాదా అని తెలిపే గుర్తులు చేరాయి. అయితే అవి సూచనలే కానీ హామీలు కావు. ప్రాజెక్టు బయట వ్రాయడాన్ని ఉపకరణపు కోడే అడ్డుకోవలెను. వివరణ మరీ దీర్ఘమైతే నమూనా ఒకేసారి చదవగల పాఠ్యంలో చోటు ఆక్రమిస్తుంది. కోడ్ మారిన తరువాత కూడా పాతగానే మిగిలిన వివరణ మరింత ప్రమాదకరం, ఎందుకనగా ఏజెంటు దానినే నమ్మి నడచుకొంటుంది.

ఇవి కూడా చూడండి

* కృత్రిమ మేధస్సు
* వీడియో గేమ్
* కంప్యూటర్ ఫైలు