వీపీఎన్ కనెక్టయినా ఆఫీసు సర్వర్ తెరుచుకోవడం లేదా?
ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులకు తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. వీపీఎన్ కనెక్టయినట్లు తెరపై కనిపిస్తుంది, కార్యాలయ సర్వర్ మాత్రం తెరుచుకోదు. అదే సర్వర్ మొబైల్ హాట్‌స్పాట్‌తో తెరుచుకుంటే లోపం ఇంటి వైఫైలో ఉన్నట్లే.

ఇంటి రౌటర్, కార్యాలయ నెట్‌వర్క్ రెండూ 192.168.1తో మొదలయ్యే చిరునామాలనే వాడుతుంటే కంప్యూటర్ ఆ సర్వర్‌ను ఇంట్లోనే వెతుకుతుంది. రౌటర్ సెట్టింగుల్లో ఆ అంకెలను 192.168.50గా మారిస్తే ఈ చిక్కు తొలగుతుంది. సర్వర్ పేరుతో తెరుచుకోక, ఐపీ చిరునామాతో తెరుచుకుంటే లోపం డీఎన్‌ఎస్‌ది. ఆ విషయం ఐటీ విభాగానికి తెలపాలి.

పని ఆగిందన్న తొందరలో కార్యాలయ కంప్యూటర్ రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ను ఇంటర్నెట్‌కు నేరుగా తెరవరాదు. రాన్సమ్‌వేర్ ముఠాలు అలాంటి దారుల కోసమే గాలిస్తుంటాయి. రక్షణలో ఒక్క లోటు చాలు: 2021లో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ సంస్థలోకి దుండగులు చొరబడింది రెండంచెల ధ్రువీకరణ లేని పాత వీపీఎన్ ఖాతా ద్వారానే.