గబగబా నడిచే మూకీ మనుషులు

కడప నుంచి రాజంపేట వెళ్ళే దారిలో ఒంటిమిట్ట కోదండరామాలయం ఉంది. ఎప్పుడైనా వెళితే దేవుణ్ణి చూసి వెంటనే వచ్చేయకండి. మండపంలో స్తంభాల దగ్గర కాసేపు ఆగండి. రామాయణ, భాగవత ఘట్టాలు రాతిలో కనిపిస్తాయి. మాట లేదు, పాట లేదు. అయినా పక్కనున్న అవ్వను అడిగితే బొమ్మ చూపిస్తూ కథంతా చెప్పేస్తుంది.

నూరేళ్ళ కిందట సినిమా కూడా ఇంతే. బొమ్మ కదిలేది గాని మాట్లాడేది కాదు. దాన్ని మూకీ అన్నారు. కథ తెలిపే వాక్యాలు మధ్యమధ్య తెర మీద అక్షరాలుగా వచ్చేవి. చదువు రానివారి కోసం చాలా చోట్ల ఒక మనిషి తెర పక్కన నిలబడి వాటిని బిగ్గరగా చదివేవాడు. సొంత మాటలూ కలిపేవాడు, మన అవ్వలాగే!

పోతన తన భాగవతాన్ని ఒంటిమిట్ట రాముడికే అంకితమిచ్చాడని ఇక్కడివారు చెప్పుకుంటారు. ఆ భాగవతంలోని కాళియమర్దనం కథను దాదాసాహెబ్ ఫాల్కే 1919లో మూకీగా తీశారు. అదృష్టవశాత్తు అందులో చాలా భాగం మిగిలి ఉంది. ఇంటర్నెట్‌లో మీరూ చూడవచ్చు. బాలకృష్ణుడి వేషం వేసింది ఫాల్కే కూతురు మందాకిని. మొదట ఆ పాప వేషం లేకుండానే తెర మీదికి వచ్చి రకరకాల భావాలు ముఖంలో పలికిస్తుంది. తరువాత ఆ ముఖమే మెల్లగా కృష్ణుడి ముఖంగా మారిపోతుంది. నాకైతే పాముతో పోరాటం కంటే ఆ ముఖమే ఎక్కువ నచ్చింది.

కాని మూకీని మొదటిసారి చూసే పిల్లలు చాలామంది పకపకా నవ్వుతారు. తెర మీద మనుషులు కీ ఇచ్చిన బొమ్మల్లా గబగబా నడుస్తారు మరి! ఆ రోజుల్లో నటన అంతేనేమో అనుకుంటాం. ఆ తప్పు వారిది కాదు, మన యంత్రానిది.

ఎలాగో చూద్దాం. సినిమా అంటే వరుసగా తీసిన నిశ్చల చిత్రాలు. మూకీల కాలంలో కెమెరా పిడిని చేత్తో తిప్పేవారు. సెకనుకు సుమారు 16 బొమ్మలు పడేవి. చెయ్యి కదా, ఒకప్పుడు 18, ఒకప్పుడు 20 కూడా పడేవి. టాకీలు వచ్చాక శబ్దం సరిగా వినపడాలంటే వేగం మారకూడదు కనుక 24 అని స్థిరపరిచారు. 16 చొప్పున తీసిన బొమ్మలను 24 చొప్పున చూపితే ఏమవుతుంది? అంతా ఒకటిన్నర రెట్లు వేగంగా జరుగుతుంది.

లెక్క కట్టండి. మామూలు 35 మిల్లీమీటర్ల ఫిలిం ఒక అడుగులో 16 బొమ్మలుంటాయి. వెయ్యి అడుగుల రీలులో 16,000. సెకనుకు 16 చొప్పున చూపితే 16 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. 24 చొప్పున అయితే 11 నిమిషాలకే అయిపోతుంది.

మరి 16 బొమ్మలతో తెర మిణుకుమిణుకుమనదా? అనకుండా ప్రొజెక్టరులో మూడు రెక్కల చక్రం పెట్టేవారు. అది ప్రతి బొమ్మ మీద వెలుగును మూడుసార్లు పడనిచ్చేది. 16 మూళ్ళు 48. అంత త్వరగా మిణికితే కన్ను పసిగట్టలేదు. విడివిడి బొమ్మలను కదలికగా కలిపేది మాత్రం కన్ను ఒక్కటే కాదు, మెదడు.

ఇప్పుడు మీకు ఒక పరీక్ష. ఫోనులో మూకీని 0.75 వేగంతో పెట్టి చూడండి. 24లో ముప్పాతిక 18. నడక మనుషుల నడకలా మారుతుంది. కొన్ని ప్రతులను ముందే సరిచేసి ఉంచారు. వాటిని ఇలా పెడితే అందరూ నిద్రలో నడుస్తున్నట్టుంటారు. అసలు వేగం ఎంతో మీ స్నేహితుడితో వాదన వస్తే న్యాయం చెప్పడానికి భూమ్యాకర్షణ ఉంది! ఒకటింపావు మీటరు ఎత్తు నుంచి జారిన వస్తువు నేల చేరడానికి దాదాపు అర సెకను పడుతుంది. తెర మీద ఏదైనా అంత ఎత్తు నుంచి పడుతుంటే బొమ్మలు లెక్కపెట్టండి. ఎనిమిది ఉంటే వేగం 16. పిడి ఎవరు తిప్పినా నీళ్ళు, రాళ్ళు మాత్రం తమ వేగంతోనే పడతాయి.

ఈ పరీక్ష చేయడానికి తెలుగువారి తొలి మూకీ మనకు దొరకదు. బందరుకు చెందిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫొటోగ్రాఫరుగా ఉంటూ సినిమా యంత్రం తెప్పించి ఊరూరా చూపారు. తరువాత సినిమాహాళ్ళు కట్టారు. ఆయన కుమారుడు ప్రకాశ్ ఇంగ్లండులో సినిమా విద్య నేర్చుకొని వచ్చి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. అందులో ఒక్క అడుగు ఫిలిం కూడా మిగలలేదు.

కారణం రసాయనశాస్త్రంలో ఉంది. అప్పటి ఫిలిం సెల్యులోజ్ నైట్రేటుతో చేసేవారు. అంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు, మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. అంటుకోకపోయినా వేడికి, తేమకు మెల్లగా కుళ్ళుతుంది. అప్పుడు వెలువడే వాయువులు తేమతో కలిసి నత్రికామ్లమై మిగిలిన ఫిలింను ఇంకా త్వరగా తినేస్తాయి. మన ఎండలు సరేసరి. తప్పించుకున్న వాటిని కూడా అందులోని వెండి కోసం కరిగించిన వారున్నారు. మన దేశంలో వెయ్యికి పైగా మూకీలు తయారైతే, ముక్కలతో కలిపి కొన్ని పదులే మిగిలాయి.

1933లో మలయాళ దేశంలో తీసిన 'మార్తాండవర్మ' మూకీ కోర్టు తగాదాలో చిక్కుకొని పుస్తక ప్రచురణకర్తల దగ్గర ఉండిపోయింది. 1964లో పూణేలో ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు 1974లో అక్కడే దొరికింది. తగాదా రాకపోతే అదీ పోయేదే! మీ ఊళ్ళో ఏ అటక మీదనైనా పాత ఫిలిం డబ్బా కనిపిస్తే, దీపం దగ్గరికి తీసుకువెళ్ళకండి. ముందు మీ సైన్సు మాస్టారుకు చెప్పండి.