డిగ్రీలో ఇంగ్లీష్ డిసర్టేషన్ రాయాలా? ముందు చిన్న ప్రశ్న వెతకండి

ఈ ఎపిసోడ్‌లో డిగ్రీలో ఇంగ్లీష్ చదివేవాళ్లని బాగా భయపెట్టే ఒక మాట గురించి మాట్లాడుకుందాం. అదే డిసర్టేషన్.

నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ వచ్చాక ఈ మాట మన దగ్గర కూడా వినిపిస్తోంది. 2022 డిసెంబర్‌లో యూజీసీ ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్ ప్రకారం, మొదటి 6 సెమిస్టర్లలో 75 శాతం లేదా అంతకంటే ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లు నాలుగో ఏడాదిలో రీసెర్చ్ తీసుకోవచ్చు. మొత్తం 160 క్రెడిట్లలో ఆ రీసెర్చ్ పనికే 12 క్రెడిట్లు. గైడ్‌గా ఒక లెక్చరర్ ఉంటారు. కానీ సిలబస్ ఉండదు, ఇంపార్టెంట్ క్వశ్చన్లు ఉండవు. ఇన్నేళ్లూ ఎవరో ఇచ్చిన ప్రశ్నకి జవాబు రాశాం కదా, ఇక్కడ ప్రశ్న కూడా మనమే వేసుకోవాలి. చాలామంది ఇరుక్కుపోయేది సరిగ్గా అక్కడే.

ఏం చేస్తారంటే, పెద్ద టాపిక్ పట్టుకుంటారు. "ఇంగ్లీష్ మీద సోషల్ మీడియా ప్రభావం" అంటారు. ఎవరి ఇంగ్లీష్? ఏ యాప్‌లో? దేని మీద ప్రభావం? తెలీదు. చివరికి నాలుగు వెబ్‌సైట్ల నుంచి పేరాలు తెచ్చి అతికిస్తారు. అందులో మనం కనుక్కున్నది ఒక్క ముక్క కూడా ఉండదు.

ప్రశ్న ఎంత చిన్నగా ఉండొచ్చో ఒక ఉదాహరణ చెప్తాను. 1962లో విలియం లబోవ్ అనే భాషా పరిశోధకుడు న్యూయార్క్‌లో ఒక పని చేశాడు. అక్కడ కొందరు 'ర్' శబ్దాన్ని గట్టిగా పలుకుతారు, కొందరు మింగేస్తారు. దీనికీ, మనిషి హోదాకీ సంబంధం ఉందా? ఇదే ఆయన ప్రశ్న. మూడు షాపులు ఎంచుకున్నాడు. సాక్స్ ఖరీదైనది, మేసీస్ మధ్యరకం, క్లైన్ చవక షాపు. ఒక్కో షాపులో నాలుగో అంతస్తులో ఏం అమ్ముతారో ముందే తెలుసుకుని, అవి ఎక్కడ ఉన్నాయని సేల్స్ వాళ్లని అడిగేవాడు. వాళ్లు "ఫోర్త్ ఫ్లోర్" అనేవాళ్లు. ఆ రెండు మాటల్లోనూ 'ర్' ఉంది, చూశారా? వినపడనట్టు నటించి ఇంకోసారి చెప్పించేవాడు. పక్కకి వెళ్లి నోట్ చేసుకునేవాడు.

మొత్తం 264 మంది. పట్టిన టైమ్ సుమారు ఆరున్నర గంటలు. కొంచెమైనా 'ర్' పలికినవాళ్లు సాక్స్‌లో 62 శాతం, మేసీస్‌లో 51 శాతం, క్లైన్‌లో 20 శాతం. చిన్న ప్రశ్న, అందుబాటులో ఉన్న మనుషులు, లెక్కపెట్టగలిగే జవాబు. ఆ స్టడీని ఇప్పటికీ క్లాసుల్లో చెప్తున్నారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. తెలుగులో ఇంగ్లీష్ జెడ్ శబ్దానికి వేరే అక్షరం లేదు. అందుకే 'జీరో', 'జూ' అని రాసుకుంటాం. మరి మాట్లాడేటప్పుడు? తెలుగు మీడియంలో చదివిన 10 మంది, ఇంగ్లీష్ మీడియంలో చదివిన 10 మంది ఒకే పేరా చదివితే తేడా వస్తుందా? ఇది రీసెర్చ్ ప్రశ్న. ఫోన్‌లో రికార్డ్ చేయొచ్చు. ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెడితే శబ్దం బొమ్మలా కనిపిస్తుంది. దానికి మాత్రం కంప్యూటర్ కావాలి.

మాట్లాడించడం ఇష్టం లేదా? అమీర్‌పేటలో ఒక వీధి తీసుకోండి. 100 బోర్డులు ఫోటో తీయండి. ఏ ఇంగ్లీష్ మాటని తెలుగు అక్షరాల్లో రాశారు, ఏది ఇంగ్లీష్ అక్షరాల్లోనే వదిలేశారు? కోచింగ్ సెంటర్‌కీ, టిఫిన్ సెంటర్‌కీ తేడా ఉందా? ఇది కూడా ప్రశ్నే.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. మన ఇంగ్లీష్ అనగానే "అది తప్పు, అలా అనకూడదు" అని చిన్నప్పటి నుంచి విన్నాం. పరిశోధకుడి పని తప్పులు దిద్దడం కాదు. ఎవరు, ఎక్కడ, ఎందుకు అలా అంటున్నారో చూడటం. 'ప్రీపోన్' అనే మాటని మన దేశంలో జనం వాడీ వాడీ డిక్షనరీల్లోకి ఎక్కించారు. మీరు సిగ్గుపడే యాసే మీ డేటా కావచ్చు.

అయితే జాగ్రత్త. లబోవ్ లాగా చెప్పకుండా మనుషుల మాటలు సేకరిస్తే ఇప్పుడు ఒప్పుకోరు. రికార్డింగ్‌కి ముందే అనుమతి తీసుకోండి, పేర్లు తీసేయండి. ఫ్రెండ్స్ వాట్సాప్ చాట్‌లైనా అడగకుండా వాడొద్దు. మీ ప్రశ్న మీద ముందే ఎవరైనా పనిచేశారేమో చదవండి. వాళ్ల మాట వాడితే వాళ్ల పేరు చెప్పండి. చివర్లో తేడా ఏమీ కనపడలేదా? కంగారు పడకండి, అదీ ఫలితమే. ఉన్నది ఉన్నట్టు రాయండి. అనుకున్న జవాబు రాలేదని నంబర్లు మార్చడమే అసలు నేరం.

గైడ్ దగ్గరికి వెళ్లేముందు మీ ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయండి. ఎవరి మాట, ఏ మాట, ఎక్కడ, ఎంతమంది అనేవి ఆ వాక్యంలోనే ఉండాలి. మీ తమ్ముడికో చెల్లికో వినిపించండి. వాళ్లకి అర్థమైతే సగం పని అయిపోయినట్టే.

మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.