ఓడలు బండ్లయే చోటు

“ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి” అని పెద్దవాళ్లు అంటూండగా మీరు వినే ఉంటారు. కలవాడు లేనివాడు కావచ్చు, లేనివాడు కలవాడు కావచ్చు, కనక ఎవరూ మిడిసిపడగూడదని ఆ సామెతకు అర్థం. కాని, పిల్లలూ, ఈ సామెత అక్షరాలా నిజమయే చోటు ఒకటి మన దేశంలోనే ఉన్నది. అక్కడికి ముసలి ఓడలు వస్తాయి. వచ్చినవి మళ్లీ తిరిగి వెళ్లవు. కొన్ని నెలలలో అవి ఇనప రేకులుగా, కడ్డీలుగా మారి, లారీల మీద ఎక్కి ఊళ్లలోకి పోతాయి. ఆ చోటి పేరు అలాంగ్. అది గుజరాత్ రాష్ట్రంలో, భావనగర్ జిల్లాలో, ఖంభాత్ సింధుశాఖ ఒడ్డున ఉన్నది. 1983లో అక్కడికి మొదటి ఓడ వచ్చింది. ఆనాటి నుంచి ఈనాటి వరకు వేలకొద్దీ ఓడలు అక్కడ తమ చివరి మజిలీ చేసినవి.

వాటన్నిటిలోకీ పెద్దదాని కథ ముందు చెబుతాను, వినండి.

అది చమురు మోసే ఓడ. జపాన్ దేశంలో యొకొసుకా దగ్గిర తయారయింది. 1979లో పూర్తయిన ఈ ఓడకు “సీవైజ్ జయంట్” అని పేరు పెట్టారు. జయంట్ అంటే రాక్షసుడు. పేరు తగినదే! దాని పొడుగు 458 మీటర్లు. అంటే ఢిల్లీలో ఉన్న కుతుబ్ మీనారు వంటివి ఆరు మీనార్లను దాని మీద వరసగా పడుకోబెట్టినా, ఇంకా ఇరవై మీటర్ల చోటు మిగులుతుంది. దాని వెడల్పులో మన హైదరాబాదు చార్మీనారు వంటివి మూడింటిని పక్కపక్కన నిలబెట్టవచ్చు. సొంత ఇంజనుతో ప్రయాణం చేసే ఓడలలో ఇంత పొడుగైనదాన్ని మనుషులు మరి కట్టలేదు.

ఈ ఓడ 5 లక్షల 60 వేల టన్నులకు పైగా బరువు మోయగలిగేది. ఆ చమురునంతా లారీల మీద తోలాలంటే, లారీకి పది టన్నుల చొప్పున 56 వేల లారీలు కావాలి! నిండుగా ఉన్నప్పుడు ఓడ అడుగుభాగం నీటిలో 24 మీటర్లకు పైగా మునిగి ఉండేది. నీటి కింద ఎనిమిది అంతస్తుల మేడ ఉన్నదనుకోండి. అందుచేత అది సూయజ్ కాలువలో గాని, పనామా కాలువలో గాని పట్టేది కాదు. ఓడకు బ్రేకులు ఉండవు గదా? వేగంగా పోతున్నదాన్ని పూర్తిగా ఆపాలంటే సుమారు 9 కిలోమీటర్ల ముందునుంచే ప్రయత్నం మొదలుపెట్టవలసి వచ్చేది.

అంతటి రాక్షసికి కూడా కష్టాలు తప్పలేదు. 1988లో, ఇరానుకూ ఇరాకుకూ యుద్ధం జరుగుతున్న రోజులలో, ఇరాకు విమానాలు దాని మీద బాంబులు వేశాయి. ఓడ తగలబడి, ఇరాను తీరాన లారక్ ద్వీపం దగ్గిర లోతు తక్కువ నీటిలో మునిగిపోయింది. ఇక దాని పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. కాని యుద్ధం ముగిశాక దాన్ని పైకి తీసి, సింగపూరు తీసుకుపోయి మరమ్మతు చేశారు. 1991లో అది “యారె వైకింగ్” అనే కొత్త పేరుతో మళ్లీ సముద్రం మీద ప్రయాణం సాగించింది!

బాంబులకు చావని ఓడ చివరకు దేనికి లొంగింది? ముసలితనానికి.

ఓడకు ముసలితనమేమిటి అంటారేమో. మీరొక చిన్న ప్రయోగం చెయ్యండి. రెండు గాజు గ్లాసులలో నీళ్లు పోసి, ఒకదానిలో రెండు చెంచాల ఉప్పు కలపండి. రెండింటిలోనూ ఒక్కొక్క కొత్త ఇనప మేకు వేసి, వారం రోజులు కదపకుండా ఉంచండి. ఉప్పునీటిలోని మేకు ఎక్కువ తుప్పు పట్టటం మీకే కనబడుతుంది. ఓడ బతుకంతా ఉప్పునీటిలోనే. ఎన్ని సార్లు రంగు వేసినా, ఏటేటా రేకు కొద్దికొద్దిగా పలచబడుతూనే ఉంటుంది. పైగా అలల మీద పైకీ కిందికీ ఊగి ఊగి, తీగను పదే పదే వంచితే బీటలు వారినట్టే, ఓడ ఇనుము కూడా అక్కడక్కడ బీటలు వారుతుంది. ఇరవై అయిదు, ముప్ఫయి ఏళ్లు వచ్చేసరికి దాన్ని బాగు చేయించటానికి అయే ఖర్చు, అది సంపాదించే డబ్బును మించిపోతుంది.

మన రాక్షసి ఓడకు మరొక చిక్కు కూడా వచ్చిపడింది. 1989లో “ఎక్సాన్ వాల్డీజ్” అనే ఓడ అలాస్కా తీరాన రాళ్లను ఢీకొనగా, చమురు సముద్రం పాలయి, లెక్కలేనన్ని పక్షులూ చేపలూ చచ్చిపోయాయి. ఆ తరవాత, చమురు మోసే ఓడకు ఒకదాని లోపల ఒకటిగా రెండు పొరలు ఉండి తీరాలని దేశాలు నియమాలు పెట్టాయి. పై పొర చిల్లిపడినా లోపలిది చమురును కాపాడుతుంది. మన ఓడకు ఉన్నది ఒకే పొర. 2004లో దానికి “నాక్ నెవిస్” అని పేరు మార్చి, ఖతార్ దేశపు చమురు బావుల దగ్గిర లంగరు వేసి, చమురు నిలవచేసే తొట్టిగా వాడుకున్నారు. 2009లో ఆ పని కూడా అయిపోయింది. చివరి ప్రయాణానికని దానికి “మోంట్” అని పొట్టి పేరు ఒకటి పెట్టి, అలాంగ్‌కు పంపించారు.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. అంత పెద్ద ఓడను ఒడ్డుకు ఎలా ఎక్కిస్తారు? ఏ యంత్రం దాన్ని ఎత్తగలదు?

ఏ యంత్రమూ ఎత్తదు. ఆ పని చంద్రుడు చేస్తాడు!

సముద్రం రోజూ పొంగుతుందనీ, తగ్గుతుందనీ మీకు తెలుసు. పొంగటం పోటు, తగ్గటం ఆటు. ఇందుకు ముఖ్యకారణం చంద్రుడి ఆకర్షణ. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యుడి ఆకర్షణ కూడా దానితో కలిసిరావటంచేత పోటు మరింత పెద్దదిగా ఉంటుంది. విశాఖపట్నంలో అటువంటి రోజులలో కూడా నీటిమట్టం సుమారు ఒకటిన్నర మీటర్లు మాత్రమే మారుతుంది. కాని ఖంభాత్ సింధుశాఖ గరాటులాగా లోపలికి పోనుపోను ఇరుకవుతుంది. అందుచేత అక్కడ నీరు ఎగదన్ని, పది మీటర్ల దాకా లేస్తుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు! పైగా అలాంగ్ తీరం ఏటవాలుగా, గట్టిగా ఉంటుంది. ఓడను విప్పటానికి ఇంతకన్న అనువైన చోటు దొరకటం కష్టం.

పెద్ద పోటు నాటి వరకు ఓడ దూరాన లంగరు వేసుకుని కాచుకుని ఉంటుంది. పోటు పూర్తిగా రాగానే లంగరు ఎత్తి, ఇంజనును పూర్తి వేగంతో నడిపి, ఓడను తిన్నగా ఒడ్డు మీదికి తోలుతారు. ఇది ఎంత విచిత్రమో ఆలోచించండి. ఓడను నేల తగలకుండా నడపటమే కప్తాను జన్మంతా నేర్చుకునే విద్య. నేల తగిలిందా, అంతకన్న అప్రదిష్ట మరొకటి లేదు. కాని అలాంగ్‌లో మాత్రం, ఓడను ఎంత బాగా నేలకెక్కిస్తే అంత మంచి కప్తాను! ఓడ అడుగు ఇసకలో దిగబడి ఆగిపోతుంది. కొద్ది గంటలలో నీరు వెనక్కు పోతుంది. పుట్టిన నాటి నుంచి నీటిలోనే దాగి ఉన్న దాని అడుగుభాగం ఎండలో బయటపడుతుంది. 2009 డిసెంబరులో “మోంట్” కూడా ఈ విధంగానే ఒడ్డు చేరింది.

ఆ తరవాత ఓడను విప్పటం మొదలవుతుంది. మొదట మిగిలిన చమురును తోడేస్తారు. తరవాత మంచాలు, కుర్చీలు, వంటపాత్రలు, అద్దాలు, తాళ్లు, ప్రాణరక్షణ పడవలు, అన్నీ దించుతారు. అలాంగ్‌కు పోయే రోడ్డు పక్కన ఇటువంటి సామాను అమ్మే దుకాణాలు బారులు తీరి ఉంటాయి. సప్తసముద్రాలూ తిరిగివచ్చిన పింగాణీ కప్పులో ఎవరింటనో టీ తాగుతారన్నమాట!

అటుపైన గ్యాసు మంటతో ఇనుమును కోస్తారు. ముందు భాగం నుంచి వెనక్కు కోసుకుంటూ పోతారు. కోసినకొద్దీ ఓడ తేలిక అవుతుంది, మరొక పోటు వచ్చినప్పుడు దాన్ని గొలుసులతో ఇంకా పైకి లాగుతారు. ఇంటింత ముక్కలు ఇసకలో పడతాయి. వాటిని మళ్లీ చిన్న రేకులుగా కోస్తారు. ఆ రేకులు మిల్లులకు పోయి, కొలిమిలో ఎర్రగా కాలి, యంత్రాల మధ్య సాగి, ఇల్లు కట్టే కడ్డీలవుతాయి. ఖనిజం తవ్వి కొత్తగా ఇనుము చేయటానికి కావలసినంత బొగ్గు దీనికి అక్కరలేదు. “ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే” అని ఊరికే అన్నారా? మోంట్ ఓడ ఖాళీ బరువే సుమారు 83 వేల టన్నులు. అదంతా ఈ విధంగా ముక్కలై పోయింది. 36 టన్నుల లంగరు ఒకటి మాత్రం హాంకాంగ్‌లో ప్రదర్శనకు మిగిలింది.

ఇంతవరకూ చెప్పినది విని మీరు సంతోషించి ఉంటారు. కాని, పిల్లలూ, ఈ కథలో సగమే అయింది. ఓడ దానంతట అది కడ్డీలు కాదు. ఒరిస్సా, బీహారు, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ రాష్ట్రాల నుంచి పొట్టకూటికి వచ్చిన వేలమంది కూలీలు దాన్ని కొయ్యాలి. మొదటి ఏళ్లలో వాళ్లలో చాలామందికి తలకు టోపీ లేదు, కాళ్లకు బూట్లు లేవు. పైనుంచి ఇనప ముక్క పడితే ప్రాణమే పోయేది.

కంటికి కనపడని ప్రమాదాలు ఇంకా పెద్దవి. చమురు తీసేసిన తొట్టి ఖాళీగా కనిపిస్తుంది. కాని లోపల చమురు ఆవిరి మిగిలి ఉంటే, ఒక్క నిప్పురవ్వ చాలు, బాంబులాగా పేలుతుంది. 2016లో పాకిస్తానులోని గడానీ తీరాన ఒక చమురు ఓడను విప్పుతూండగా ఇటువంటి పేలుడే జరిగి, ఇరవైమందికి పైగా కూలీలు చనిపోయారు. మరొకటి, ఆస్బెస్టాస్ అనే రాతినార. అది నిప్పుకు కాలదు గనక, పాత ఓడలలో వేడి గొట్టాలకు దాన్ని చుట్టేవాళ్లు. దాన్ని పీకేటప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి, ఎన్నో ఏళ్ల తరవాత కాన్సరు వంటి రోగాలు తెచ్చిపెడుతుంది.

ఈ రాతినార కారణంగానే ఒక పెద్ద యుద్ధనౌక సగం ప్రపంచం తిరిగివచ్చి, మళ్లీ ఇంటిదారి పట్టింది. ఫ్రాన్సు దేశపు విమానవాహక నౌక “క్లెమన్సో” 2005 చివర అలాంగ్‌కు బయలుదేరింది. దానిలో రాతినార ఇంకా చాలా ఉన్నదని రెండు దేశాలలోనూ జనం గోల పెట్టారు. వ్యవహారం మన సుప్రీంకోర్టు దాకా వచ్చింది. చివరకు 2006 ఫిబ్రవరిలో ఫ్రాన్సు అధ్యక్షుడు జాక్ షిరాక్ ఆ ఓడను వెనక్కు పిలిపించాడు. తరవాత దాన్ని ఇంగ్లండులో విప్పారు.

ఇటువంటివి చూసి దేశాలన్నీ ఆలోచనలో పడ్డాయి. 2009లో హాంకాంగ్‌లో ఒక ఒప్పందం కుదిరింది. ప్రతి ఓడలోనూ ఏ ఏ హానికరమైన వస్తువులు ఎక్కడెక్కడ ఉన్నవో పట్టిక రాసి ఉంచాలి. తొట్టిలో ప్రమాదకరమైన ఆవిరి లేదని పరీక్షించనిదే మంట ముట్టించరాదు. కూలీలకు టోపీలు, బూట్లు ఇచ్చి, పని నేర్పాలి. మన దేశం ఇందుకోసం 2019లో ఒక చట్టం చేసింది. 2025 జూన్ 26 నుంచి ఆ ఒప్పందం అమలులోకి వచ్చింది. మంచి మాట కాగితం మీద పడి, పనిలోకి రావటానికి పదహారేళ్లు పట్టింది, చూశారా!

ఓడలన్నిటికీ ఒకటే గతి పట్టదు. 2001లో విశ్రాంతి పుచ్చుకున్న “కురుసుర” అనే జలాంతర్గామి 2002 నుంచి విశాఖపట్నం సముద్రపు ఒడ్డున ప్రదర్శనశాలగా ఉన్నది. మీరు దాని లోపల నడిచి చూడవచ్చు. కాని అటువంటి అదృష్టం చాలా కొద్ది ఓడలకే పడుతుంది. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో పోరాడిన మన విమానవాహక నౌక “విక్రాంత్” కూడా కొన్నేళ్లు బొంబాయిలో ప్రదర్శనశాలగా ఉన్నది. కాని దాన్ని నిలబెట్టుకోవటానికయే ఖర్చు భరించలేక అమ్మేశారు. 2014లో దాన్ని విప్పటం మొదలుపెట్టారు. ఆ ఇనుములో కొంత కొని, బజాజ్ సంస్థవారు 2016లో మోటారు సైకిళ్ల తయారీలో వాడారు. ఓడ నిజంగానే బండి అయింది! విక్రాంత్ పేరు మాత్రం పోలేదు. 2022లో కొచ్చిలో మన నౌకాదళంలో చేరిన కొత్త నౌకకు ఆ పేరే పెట్టారు.

ఈసారి ఎక్కడయినా ఇల్లు కడుతూంటే, అక్కడ పడి ఉన్న ఇనప కడ్డీలను ఒకసారి చూడండి. వాటిలో ఏదో ఒకటి ఒకప్పుడు సముద్రాలు దాటినదే కావచ్చు. ఓడ బండి కావటంలో విచారించవలసినది ఏమీ లేదు. పాతదాన్ని పారెయ్యకుండా కొత్తగా వాడుకోవటం మంచిదే. కాని పొద్దున్నే ఓడ మీదికి ఎక్కిన మనిషి, సాయంత్రం క్షేమంగా ఇంటికి చేరాలి. అప్పుడే ఆ ఇనుము మంచి ఇనుము అనిపించుకుంటుంది.